ఫొటో తియ్యడం వేరు, ఆ ఫొటో అమ్ముకోవడం వేరు

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో ఫోన్‌తో ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో అమ్ముకుని ఖాళీ టైంలో సంపాదించుకోవచ్చు అని అరపేజీ వేశారు కదండీ, ఏ సైట్లో అకౌంట్ తెరవాలి, ఎలాంటి ఫొటోలకి గిరాకీ ఉంది, డబ్బులు ఎలా వస్తాయి అన్నీ వివరంగానే రాశారు, సంతలు, జాతరలు, పుష్కరాలు లాంటి చోట జనం ముఖాలు బాగా అమ్ముడుపోతాయి అని కూడా రాశారు. ఆ ముఖాలు ఎవరివో వాళ్ళ గురించి ఒక్క ముక్కైనా ఉంటుందేమో అని చివరిదాకా వెతికాను, లేదు. కుర్రాళ్ళు చాలామంది అది చదివి కెమెరా పట్టుకుని బయల్దేరతారు, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను, పొడుగైతే ఏమీ అనుకోకండి.

నేను రాజమండ్రిలో ఇరవై ఏళ్ళ పైనుంచి స్టూడియో నడుపుతున్నాను. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, పాస్‌పోర్ట్ ఫొటోలు, ఇదే బతుకు. 2015 జులైలో గోదావరి పుష్కరాలప్పుడు పన్నెండు రోజులూ తెల్లారగట్ల లేచి ఘాట్లమ్మట తిరిగాను. మొదటి రోజు తొక్కిసలాట జరిగి అంతమంది పోయినప్పుడు కెమెరా బ్యాగులో పెట్టేసాను, ఆ రోజు ఫొటోలు నా దగ్గర లేవు. మిగతా రోజులవి మాత్రం వేలల్లో ఉన్నాయి. అందులో ఒకటి కోటిలింగాల రేవు దగ్గర తీసింది, ఒక పెద్దావిడ మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి ఆకు దొన్నెలో దీపం పెట్టి నీళ్ళ మీద వదలబోతోంది, గాలికి దీపం ఆరిపోకుండా ఎడం చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఆ వెలుగు ఆవిడ అరచేతిలోంచి ముఖం మీద పడుతోంది. అలాంటి ఫ్రేమ్ మళ్ళీ మళ్ళీ దొరకదండీ. జూమ్ లెన్స్‌తో మెట్ల మీద నుంచి తీసాను, ఆవిడకి తెలీదు, నేను అడగలేదు కూడా.

ఒరిజినల్ ఫొటోలో ఎడంపక్క ఒక మగమనిషి వీపు కనిపిస్తుంది, అడ్డపంచె కట్టుకుని పంతులు గారి ముందు కూర్చుని పిండాలు పెడుతున్నాడు. ఫొటోకి అడ్డంగా ఉందని ఆ ముక్క కట్ చేసేసాను. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ చెప్తాను.

మరుసటి ఏడాది డిజైనింగ్ చేసే ఒక కుర్రాడు వచ్చి పుష్కరాల ఫొటోలు ఏమైనా ఉంటే ఇవ్వండి సార్ క్లయింట్లకి పనికొస్తాయి అంటే పెన్‌డ్రైవ్‌లో 60 ఫొటోలు వేసి ఇచ్చాను, 4,000 ఇచ్చాడు. దేనికి వాడతావు అని నేను అడగలేదు, ఈ మనుషులు ఒప్పుకున్నారా అని అతనూ అడగలేదు. లెక్కేస్తే ఒక్కో ఫొటోకి 66 రూపాయల చిల్లర.

2019 ఎండాకాలంలో ఒకాయన స్టూడియోకి వచ్చాడు. నలభై ఐదేళ్ళుంటాయి, కోనసీమ వైపు ఊరు, కొబ్బరికాయల వ్యాపారం. కూర్చోమన్నా కూర్చోలేదు. ఫోన్ తీసి చూపించి "ఏవండీ, ఈ ఫొటో మీరే తీసేరంట కదండీ" అన్నాడు. చూస్తే ఆ పెద్దావిడే, ఆ దీపమే. కింద పెద్ద అక్షరాలతో "కన్నబిడ్డలు వదిలేసిన ఈ తల్లికి మీరే దిక్కు" అని, దాని కింద ఒక వృద్ధాశ్రమం వాళ్ళ బ్యాంకు అకౌంట్ నంబరు. ఆశ్రమం పేరు ఇక్కడ రాయను, వాళ్ళూ ఎవరి దగ్గరో డిజైన్ చేయించుకున్నారు, ఆ ఫొటో ఎవరిదో వాళ్ళకీ తెలీదు.

ఆయన ముందు ఆ ఆశ్రమానికి ఫోన్ చేసాడంట, వాళ్ళు ప్రింటింగ్ ప్రెస్‌ని చెప్పారంట, ప్రెస్ వాళ్ళు డిజైనర్‌ని చెప్పారంట, డిజైనర్ నా అడ్రస్ ఇచ్చాడంట. అందరూ పక్కవాడి మీదకి నెట్టుకుంటూ వస్తే ఆ వరసలో చివరివాణ్ణి నేను, నేను చూపించడానికి ఇంకెవరూ లేరు.

"మా అమ్మ నా దగ్గరే ఉంటదండి, నిన్న రాత్రి కూడా నా కూతురు పక్కనే పడుకుంది, రేషన్ షాపు దగ్గర ఎవరో నిన్ను ఆశ్రమంలో వేసేసేరంట గదా అప్పుడే వచ్చేసేవా అన్నారంటండి, మా ఆవిడ రెండ్రోజులు అన్నం తినలేదు, కోడలు గెంటేసిందని ఊరంతా అనుకుంటన్నారు" అన్నాడు. తర్వాత కాసేపాగి, "ఆ రోజు మా నాన్నకి పిండాలు పెడతన్నానండి, అమ్మకి నాలుగు మెట్ల అవతలే ఉన్నాను" అన్నాడు.

నేను కట్ చేసిన వీపు ఆయనదే.

అప్పుడు నేనేం చెప్పానో రాయడానికి సిగ్గుగా ఉంది కానీ రాయాలి. "పబ్లిక్‌లో ఫొటో తీస్తే తప్పు లేదండీ, కాపీరైట్ నాదే" అన్నాను. ఫొటోగ్రాఫర్లందరం అనుకునే మాటే అది, ఎక్కడ చదివామో తెలీదు, అందరి నోటా అదే. ఆయన ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, మర్నాడు నాకు తెలిసిన లాయరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చెప్పింది, తర్వాత నేను చదివి తెలుసుకుంది కలిపి రాస్తున్నాను.

మన దేశంలో రోడ్డు మీద, ఘాట్ మీద, సంతలో ఫొటో తీయడాన్ని నేరం అనే చట్టం మామూలుగా ఏదీ లేదు, అది నిజమే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం తీసిన ఫొటోకి మొదటి హక్కుదారు ఫొటోగ్రాఫరే, 2012లో చట్టం మార్చాక ఆ హక్కు అతను బతికున్నంత కాలం, పోయాక ఇంకో 60 ఏళ్ళు ఉంటుంది. అయితే అది ఫొటో మీద హక్కు, అందులో ఉన్న మనిషి ముఖం మీద కాదు. ఈ రెండిటికీ తేడా ఉందని మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ ఎవర్నీ అడగలేదు.

1994లో సుప్రీంకోర్టు రాజగోపాల్ వర్సెస్ తమిళనాడు ప్రభుత్వం కేసులో తీర్పిచ్చింది, ఆటో శంకర్ అనే ఖైదీ ఆత్మకథ పత్రికలో వేసే విషయంలో వచ్చిన కేసు అది, ఆ తీర్పు రాసింది మన తెలుగు జడ్జి జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారు. ఒక మనిషి పేరు గానీ రూపం గానీ అతని ఒప్పుదల లేకుండా ప్రకటనలకి వాడుకుంటే అది ప్రైవసీని దెబ్బతీసినట్టే అని అందులో ఉదాహరణ ఇచ్చి మరీ చెప్పారు. తర్వాత 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జిలు కలిసి ప్రైవసీ ప్రాథమిక హక్కు అని తేల్చారు. అంటే నేను ఆ కొడుకుతో అన్న మాటకి పాతికేళ్ళ ముందే సుప్రీంకోర్టు జవాబు చెప్పేసింది, నాకు తెలీదు అంతే.

ఇంకో సంగతి, ఇది మా స్టూడియో వాళ్ళందరూ వినాలి. పార్టీ డబ్బులిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం రాసుకోకపోతే, అదే కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం మొదటి హక్కు డబ్బులిచ్చిన వాళ్ళదే. మరి మనం షాపు ముందు నిలువెత్తు ఫ్లెక్సీ మీద ఎవరి పెళ్ళికూతుర్ని పెడుతున్నాం, ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరి ఫంక్షన్ రీల్స్ వేస్తున్నాం? ఆ అమ్మాయిని అడిగామా? నా షాపు ముందు కూడా ఏడేళ్ళు ఒక పెళ్ళికూతురి ఫొటో ఉండేది, ఆ పెళ్ళి మూడో ఏటే పెటాకులైందని నాకు తర్వాత తెలిసింది, ఆ అమ్మాయి బజారుకి వచ్చినప్పుడల్లా ఆ ఫ్లెక్సీ ముందు నుంచే వెళ్ళి ఉంటుంది.

మీరు రాసిన షటర్‌స్టాక్, అడోబీ స్టాక్, గెట్టీ లాంటి సైట్లకి దీని గురించి గట్టి రూల్సే ఉన్నాయండీ, ఆర్టికల్లో అదే వదిలేశారు. ఫొటోలో గుర్తుపట్టేలా ఉన్న ప్రతి మనిషీ సంతకం పెట్టిన కాగితం ఉంటేనే, మోడల్ రిలీజ్ అంటారు, యాడ్స్‌కి అమ్ముకోనిస్తారు, పిల్లలైతే తల్లో తండ్రో పెట్టాలి. ఆ కాగితం లేకపోతే ఎడిటోరియల్ కింద మాత్రమే, అంటే వార్తకో వ్యాసానికో తప్ప సబ్బుకీ మందుకీ వాడకూడదు. పుష్కరాలకి ఇంత జనం వచ్చారు అని పేపర్లో ఆ పెద్దావిడ ఫొటో వేస్తే ఎవరికీ బాధ లేదు, అదే ఫొటో మీద పిల్లలు వదిలేసిన తల్లి అని రాస్తే ఒక కుటుంబం పరువు పోయింది. గొడవంతా ఇక్కడే ఉంది. కానీ చాలామంది కుర్రాళ్ళు ఆ కాగితం ఇంగ్లీషులోనే ప్రింట్ తీసి చదువురాని వాళ్ళ చేత ఇరవై రూపాయలిచ్చి వేలిముద్ర వేయించేస్తున్నారు, నాకు తెలిసి కొందరు వాళ్ళే సంతకం పెట్టేస్తున్నారు. అది ఒప్పుదల కాదండీ, మోసం.

దొంగగా వాడుకునేది చిన్న చిన్న ఫ్లెక్సీ షాపుల వాళ్ళే అనుకోకండి. 2018 ఆగస్టులో తెలంగాణలో రైతు బీమా, కంటి వెలుగు పథకాలకి పేపర్లలో ప్రకటనలు వచ్చాయి, గుర్తుండే ఉంటుంది, ఒక ప్రకటనలో ఒకామె భర్తతో ఉంది, ఇంకో ప్రకటనలో అదే ఆమె, పక్కన వేరే మగాయన. కంప్యూటర్లో ఒక మనిషిని తీసేసి ఇంకో మనిషిని అతికించారు. తప్పు యాడ్ ఏజెన్సీ మీద పెట్టారు. ఆ రోజు ఫేస్‌బుక్‌లో అందరూ నవ్వుకున్నారు, నేనూ నవ్వాను. ఊళ్ళో ఆ దంపతులు ఎలా తలెత్తుకుని తిరగాలి అని ఆ కొబ్బరికాయల ఆయన నా షాపుకి వచ్చేదాకా నాకు తట్టలేదు. 2021లో కోల్‌కతాలో ఒకావిడకి ప్రభుత్వ పథకంలో సొంతిల్లు వచ్చిందని ఫొటోతో సహా ప్రకటన వేశారు, తీరా చూస్తే ఆవిడ ఉండేది అద్దె గదిలో. ప్రభుత్వాలే ఇలా ఉంటే పాంప్లెట్ వేసుకునేవాణ్ణి ఏమంటాం.

బయటి దేశాల్లో ఈ గొడవ వందేళ్ళ కిందటే వచ్చిందట. న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ అనే ఊళ్ళో ఒక అమ్మాయి ఫొటో ఆమెకి చెప్పకుండా గోధుమపిండి కంపెనీ పోస్టర్ల మీద వేసుకున్నారు, 25,000 పోస్టర్లు, షాపుల్లో, గోదాముల్లో, సారా కొట్లలో కూడా అంటించారు. ఆ పిల్ల సిగ్గుతో మంచం పట్టింది. కోర్టుకి వెళ్తే 1902లో పై కోర్టులో నలుగురు జడ్జిలు కంపెనీ వైపు, ముగ్గురు అమ్మాయి వైపు, ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది, అలాంటి హక్కు చట్టంలో లేదన్నారు. జనం ఊరుకోలేదు, అంత గోల చేస్తే మరుసటి ఏడాదే, 1903లో, వ్యాపారానికి గానీ ప్రకటనకి గానీ మనిషి ఫొటో వాడాలంటే రాతపూర్వకంగా ఒప్పుదల ఉండాలి అని అక్కడ చట్టం చేశారు. ఇది చదివినప్పుడు నాకు ఆ రేషన్ షాపు దగ్గర పెద్దావిడే కళ్ళ ముందు కనిపించింది.

కెనడాలో మాంట్రియల్‌లో 17 ఏళ్ళ అమ్మాయి ఒక బిల్డింగ్ మెట్ల మీద ఊరికే కూర్చుని ఉంటే తీసిన ఫొటో ఒక పత్రికలో వేశారు, తప్పుగా ఏమీ రాయలేదు, మామూలు ఫొటోనే, అయినా 1998లో అక్కడి సుప్రీంకోర్టు ఆ అమ్మాయి వైపే నిలబడి 2,000 డాలర్లు ఇప్పించింది. అదే న్యూయార్క్‌లో మళ్ళీ ఇంకోలా జరిగింది, టైమ్స్ స్క్వేర్‌లో నడిచివెళ్ళే జనానికి తెలియకుండా లైట్లు అమర్చి ఫొటోలు తీసిన డికోర్సియా అనే ఆయన మీద ఒక యూదు పెద్దాయన కేసు వేశాడు, తన ముఖం ఉన్న ప్రింట్లు ఒక్కోటి 20 నుంచి 30 వేల డాలర్లకి అమ్ముకున్నారని, తన మతం ప్రకారం అలా బొమ్మ పెట్టడం తప్పని. 2006లో కోర్టు అది ఆర్ట్ అంది, ఫొటోగ్రాఫర్ గెలిచాడు. చట్టప్రకారం గెలిచాడేమో గానీ నా మనసు మాత్రం ఆ పెద్దాయన వైపే ఉంది. అన్ని వేల డాలర్లు వచ్చాక ఒకసారి వెతికి పలకరించడం అంత కష్టమా.

మా ఫొటోగ్రాఫర్లందరికీ దేవుడి పటంలా ఉండే ఆ ఆకుపచ్చ కళ్ళ ఆఫ్ఘన్ అమ్మాయి ఫొటో కూడా అంతే, 1984లో పెషావర్ దగ్గర శరణార్థుల శిబిరంలో తీశారు, 1985లో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రం అయ్యింది, లోకమంతా చూసింది. ఆ పిల్ల ఎవరో కనిపెట్టింది 2002లో. పదిహేడేళ్ళ పాటు ఆ ఫొటోని ఆమె ఒక్కతే చూడలేదు.

మీరు అడగొచ్చు, ప్రతిదానికీ పర్మిషన్ అంటే వార్తల ఫొటోలు ఎలా అని. వాటి జోలికి నేను రావట్లేదండీ. ధర్నాలో లాఠీ దెబ్బ తిన్నవాడి ఫొటో, వరదలో ఇల్లు మునిగినవాడి ఫొటో జనం చూడాలి, దానికి ఎవరి సంతకం కోసమూ ఆగక్కర్లేదు, ఆగితే మంచిది కాదు కూడా. నేను అనేది డబ్బులకి అమ్మే ఫొటో గురించి. ముందే అడిగితే సహజంగా ఉండదు, మనిషి బిగుసుకుపోతాడు అంటారు మా వాళ్ళు, నిజమే, ముందు తీయండి, తర్వాత పది అడుగులు వేసి వెళ్ళి చూపించండి. మీరు తీసిన వంద మందిలో తొంభై మంది ఆ స్క్రీన్ చూసి సంతోషిస్తారు, నెంబరిచ్చి వాట్సాప్‌లో పంపమంటారు. వద్దు అన్న పదిమందివి డిలీట్ చేస్తే మన సొమ్మేం పోదు.

ఇంకోటి గమనించండి, అమ్ముడుపోయే ఫొటోల్లో ఉండేది ఎప్పుడూ లేనివాళ్ళే. గేటు ముందు వాచ్‌మన్ ఉన్న ఇంట్లో వాళ్ళని ఎవరూ జూమ్ చేసి తీయరు. అరకులో థింసా ఆడే గిరిజన ఆడవాళ్ళు, జంపన్నవాగులో స్నానం చేసి మేడారం గద్దెలకి వెళ్ళే వాళ్ళు, సిగ్నల్ దగ్గర బెలూన్లు అమ్మే పిల్లలు, వీళ్ళ ముఖాలే కావాలి. వాళ్ళు లాయర్ని పెట్టుకోలేరు, ఆ ఫొటో ఎక్కడ తిరుగుతోందో కూడా వాళ్ళకి తెలీదు. ఇప్పుడు ఇంకో దారి కూడా వచ్చింది, షటర్‌స్టాక్ 2023లో చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ కంపెనీతో ఆరేళ్ళ ఒప్పందం చేసుకుంది, మనం అప్‌లోడ్ చేసే ముఖాలు యంత్రానికి బొమ్మలు గీయడం నేర్పడానికి కూడా వెళ్తున్నాయి. మేడారంలో ఉన్న ముసలావిడకి ఇది ఎలా చెప్పి ఒప్పిస్తారు?

స్నానాల ఘాట్ల దగ్గర మరీ ఘోరం. తడి బట్టల్లో ఉన్న ఆడవాళ్ళ ఫొటోలు తీసి భక్తి అని పేరు పెట్టి అమ్ముతున్నారు. బట్టలు మార్చుకునే గదుల వైపు కెమెరా పెడితే అది ఆర్టూ కాదు భక్తీ కాదు, భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికే ఏడాదికి తక్కువ కాకుండా మూడేళ్ళ దాకా జైలు. గదుల బయట తీస్తే ఆ సెక్షన్ రాకపోవచ్చు, కానీ మీ ఇంట్లో ఆడవాళ్ళ ఫొటో అలా ఎక్కడో అమ్ముడుపోతుంటే చూస్తూ ఊరుకుంటారా అని ఆ తీసేవాళ్ళని అడుగుతున్నాను.

నేను ఇప్పుడు ఏం చేస్తున్నానంటే, అరపేజీ కాగితం తెలుగులో రాసుకున్నాను. ఈ ఫొటో నేను అమ్ముతాను, యాడ్‌లో రావచ్చు, మీకు సంబంధం లేని మాటలు పక్కన రాకుండా చూడటానికి ప్రయత్నిస్తాను గానీ ఒకసారి ఆన్‌లైన్‌లో అమ్మాక వెనక్కి తేవడం నా చేతిలో ఉండదు, డబ్బులొస్తే మూడో వంతు మీకు పంపుతాను, ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి, ఇంతే. చదువురాని వాళ్ళకి ఇంట్లో వాళ్ళ ముందే పైకి చదివి వినిపిస్తాను. పిల్లల ఫొటోలు అమ్మడం మానేసాను. డిజైనర్లకి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వడమూ మానేసాను. దీనివల్ల ఆదాయం తగ్గింది, తగ్గనీండి.

2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఈసారి ప్రతి చేతిలోనూ మంచి కెమెరా ఉన్న ఫోనే. అధికారులకి నా విన్నపం ఏంటంటే ఫొటోగ్రాఫర్లకి పాసులిచ్చేటప్పుడే అమ్మకానికి ఒప్పుదల తప్పనిసరి అని పాసు వెనకాల తెలుగులో ప్రింట్ చేయండి, స్నానాల రేవుల్లో జూమ్ లెన్సులకి ఒక హద్దు గీయండి. మీ పేపరు వాళ్ళకి కూడా ఒక మాట, మీరు పుష్కరాల ఫొటో పోటీలు పెడతారు కదా, ఎంట్రీ ఫారంలో ఫొటోలో ఉన్న మనిషికి చెప్పారా లేదా అని ఒక్క లైను చేర్చండి, గెలిచిన ఫొటోని తర్వాత యాడ్‌కి ఇవ్వకండి. మొన్నటి ఆర్టికల్‌కి ఇంకో అరపేజీ కలిపి మళ్ళీ వేసినా సంతోషమే.

ఆ కొడుకు వచ్చివెళ్ళిన వారానికి నేను వాళ్ళ ఊరు వెళ్ళాను. కట్ చేయని ఫొటో పెద్దది ప్రింట్ తీసి ఫ్రేమ్ కట్టించి తీసుకెళ్ళాను, ఎడంపక్క వీపుతో సహా. పెద్దావిడ వరండాలో కూర్చుని తుండుగుడ్డతో ఆ అద్దం తుడిచి, తన ముఖం వైపు చూడలేదండీ, ఆ వీపు మీద వేలు పెట్టి "ఇదిగో మావోడు" అని పక్కింటావిడకి చూపించింది. ఆశ్రమం వాళ్ళు కూడా నేను అడిగాక పాంప్లెట్ వేయడం ఆపేశారు. కానీ వాట్సాప్‌లో అది ఆగలేదు. ఆవిడ పోయి రెండేళ్ళయింది, మొన్న సంక్రాంతికి అదే ఫొటో అదే మాటతో మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకే వచ్చింది.

నా పేరు వేయకండి, వేస్తే వాళ్ళ ఊళ్ళో మళ్ళీ మాటలు మొదలవుతాయి. ఒక్కటి మాత్రం వేయండి. నీళ్ళలో నిలబడి ఆకు దొన్నెలో దీపానికి చెయ్యి అడ్డం పెట్టుకున్న పెద్దావిడ ఫొటో, కింద కన్నబిడ్డలు వదిలేసిన తల్లి అని రాసి ఉన్నది, మీలో ఎవరి ఫోన్‌కైనా వస్తే దయచేసి ఇంకొకరికి పంపకండి. ఆవిడ్ని ఎవరూ వదిలేయలేదు. కొడుకు ఇంట్లోనే, మనవరాలి పక్కనే పోయింది.

ఇట్లు,
ఒక స్టూడియో ఫొటోగ్రాఫర్,
రాజమండ్రి